పిల్లల చేతికి మన చెక్క బొమ్మ

(మెండోరలో జరిగిన సంఘం వార్షికోత్సవ సభలో తల్లిదండ్రులు, అంగన్‌వాడీ టీచర్లను ఉద్దేశించి చేసిన ప్రసంగ పాఠం)



మన సంస్కృతి అనగానే తీజ్ పాటలు, గుస్సాడీ ఆట, డప్పు, అద్దాల రవికె గుర్తుకొస్తాయి. పిల్లల ఆటవస్తువుల గురించి మాత్రం సభల్లో ఎవరూ మాట్లాడరు. నన్ను పది నిమిషాలు మాట్లాడమన్నారు కాబట్టి ఆ మాటే మాట్లాడతాను.

మన పెద్దలు పిల్లలకు బొమ్మలు కొన్నది తక్కువ, చేసి ఇచ్చింది ఎక్కువ. జొన్న బెండుతో బండి చేసేవారు. చెరువు మట్టితో ఎద్దుల జత చేసేవారు. నడక నేర్చే బిడ్డకు ఊరి వడ్రంగి మూడు చక్రాల బండి చేసిచ్చేవాడు. చిర్రగోనె, బొంగరం సరేసరి. ఆదిలాబాద్ గోండు గూడేల్లో వానాకాలంలో పిల్లలు వెదురు మరుగోళ్లెక్కి బురదలో నడుస్తారు. పొలాల అమావాస్య దాకా నడిచి, ఆ తర్వాత వాటిని ఊరి పొలిమేరలో వదిలేస్తారు. ఒంటిని నిలదొక్కుకోవడం ఆ ఆటలోనే వస్తుంది.

ఇప్పుడు జాతరకు పోయినా, అంగడికి పోయినా ప్లాస్టిక్ బొమ్మే చేతికొస్తుంది. చౌక కాబట్టి కొంటున్నాం, అందులో తప్పు పట్టేదేమీ లేదు. అయితే బ్యాటరీ అయిపోయేదాకా అది పాడుతుంటే బిడ్డ చూస్తూ కూర్చుంటాడు, చక్రం ఊడితే బాగుచేసేవాడు దొరకడు. అదే చెక్క బండి అయితే ఒక మేకుతో, కాస్త జిగురుతో మళ్లీ నడుస్తుంది. అన్న ఆడుకున్న బండితోనే తమ్ముడూ ఆడుకుంటాడు.

మెండోరలో కూర్చుని చెక్క బొమ్మల కోసం దూరం చూడనక్కర్లేదు. మన పోచంపాడు దాటి, గోదావరి వంతెన మీదుగా సోన్ చేరితే ఆపై నిర్మలే. నకాషీ కళాకారులు తరతరాలుగా అక్కడ బొమ్మలు చేస్తున్నారు. 1955లో వాళ్లు సహకార సంఘం పెట్టుకున్నారు. 2009లో నిర్మల్ బొమ్మలకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఈ బొమ్మకు వాడేది పొనికి చెక్క. తెల్లగా, మెత్తగా, తేలికగా ఉంటుంది. ముక్కలు ముక్కలుగా చెక్కి, చింతగింజల జిగురులో రంపపు పొట్టు కలిపి అతికించి, సుద్ద పూసి, ఆరబెట్టి రంగు వేస్తారు. మన నాయకపోడ్ సోదరులు లక్ష్మీదేవర కొలుపులో పెట్టుకునే ముఖాలు కూడా ఇలాంటి తేలిక చెక్కతోనే చేస్తారు. అంటే ఈ పని మనకు కొత్తది కాదు.

ఇక్కడ ఒక మాట ఉన్నదున్నట్టు చెప్పాలి. నిర్మల్‌లో దొరికే పండ్లు, పక్షులు, జంతువులు ఎక్కువగా అద్దాల అల్మారాలో పెట్టుకోవడానికి చేసినవి. వాటి మెరుపు చాలావరకు డ్యూకో రంగులది. ఇంటి గోడలకు వేసే రంగుల్లో సీసం పది లక్షల పాళ్లలో 90 పాళ్లు మించకూడదని 2016లో కేంద్రం నిబంధన తెచ్చింది. అది ఇళ్లకు, అలంకరణకు వాడే రంగులకు పెట్టిన నిబంధన. బండ్లకు కొట్టే రంగులు దాని కిందికి రావు. దొరికింది నోట్లో పెట్టుకునే ఏడాది బిడ్డకు అల్మారా బొమ్మ ఇవ్వకూడదు.

2021 జనవరి 1 నుంచి మన దేశంలో బొమ్మలకు ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి. హస్తకళల శాఖలో నమోదైన కళాకారులు చేసే బొమ్మలకు, భౌగోళిక గుర్తింపు పొందిన బొమ్మలను నమోదైనవారు చేస్తే వాటికి ఇందులో మినహాయింపు ఇచ్చారు. పేద కళాకారుడు పరీక్షల ఖర్చు మోయలేడు కాబట్టి అది న్యాయమే. అయితే చూసుకునే బాధ్యత మాత్రం కొనేవాళ్ల మీద పడింది.

అందుకే కొనే ముందు నాలుగు సంగతులు చూడండి. ఒకటి, రంగు. ఏ రంగు వేశారో అడగండి. మూడేళ్ల లోపు బిడ్డకైతే రంగు లేని బొమ్మే మేలు. లేదా అనకాపల్లి జిల్లా ఏటికొప్పాకలో అంకుడు కర్రను తరిణె పట్టి, లక్కలో చెట్ల రంగులు కలిపి పూసే బొమ్మలున్నాయి, అవి తీసుకోండి. రెండు, సైజు. మూడు సెంటీమీటర్ల వెడల్పు గొట్టంలో దూరేంత చిన్న ముక్క ఏదీ చిన్నబిడ్డ చేతికి ఇవ్వొద్దు, గొంతులో ఇరుక్కుంటుంది. మూడు, అంచులు. బొమ్మ అంతటా వేలితో రాసి చూడండి, పేడు గుచ్చుకోకూడదు. నాలుగు, గట్టితనం. చక్రం, తోక, చెవి పట్టి లాగి చూడండి.

ఇక చదువు సంగతి. 2023లో ఎన్‌సీఈఆర్‌టీ మూడు నుంచి ఎనిమిదేళ్ల పిల్లల కోసం జాదుయీ పిటారా పేరుతో ఆటవస్తువుల పెట్టె తెచ్చింది. ఆటతో చదువు అని ఇప్పుడు ప్రభుత్వమే అంటోంది. మన పిల్లలకు ఇందులో ఇంకో లాభముంది. పాటలు పాడే ప్లాస్టిక్ బొమ్మ తన భాషలోనే మాట్లాడుతుంది. చెక్క నెమలికి ఏ భాషా లేదు. టీచరమ్మ దాన్ని చూపిస్తే తెలుగు బిడ్డ నెమలి అంటుంది, లంబాడా బిడ్డ మోర్ అంటుంది, గోండు బిడ్డ మల్ అంటుంది. గుస్సాడీల మల్‌బూర కథ అక్కడి నుంచే మొదలుపెట్టొచ్చు. అంగన్‌వాడీలో మొదటి రోజు బిక్కుబిక్కుమంటూ కూర్చున్న బిడ్డకు తన ఇంటి మాట అక్కడ చెల్లిందంటే, రెండో రోజు ఏడవకుండా వస్తుంది.

ధర ఎక్కువే, కాదనను. అందుకే ఇంటింటికీ కొనమని అడగడం లేదు. తండా అంతా కలిసి అంగన్‌వాడీకి ఒక సెట్టు తెప్పిద్దాం. కొనడం కూడా దుకాణంలో ఉన్నది ఏరుకోవడం కాదు, ముందే ఆర్డరు ఇద్దాం. పులి, ఎలుగు, దుప్పి, నెమలి, ఎడ్లబండి కావాలి, బిడ్డ పిడికిలికి పట్టేంత ఉండాలి, రంగు వద్దు, అంచులు గుండ్రంగా తీయాలి అని చెప్పి చేయిద్దాం. అడిగేవాళ్లుంటే చేసేవాళ్లు చేస్తారు. అల్మారా బొమ్మల గిరాకీ ఒక్కటే నమ్ముకుని ఆ కళాకారుల పిల్లలు ఆ పనిలో నిలబడరు. నడక బండి, బొంగరం, లెక్కలకు చెక్క దిమ్మెలు మన ఊరి వడ్రంగి కూడా చేయగలడు. తలుపులు, కిటికీలు రెడీమేడ్ అయ్యాక అతనికీ పని తగ్గింది.

చివరగా చెట్టు మాట. పొనికి రాళ్ల గుట్టల్లో పెరిగే చెట్టు. గింజ పెంకు గట్టిది, అంత సులువుగా మొలవదు. నరకడమే తప్ప నాటడం లేకపోతే బొమ్మ ఆగిపోతుంది. ఏ గుట్టలో పొనికి ఉందో, గింజ ఎప్పుడు రాలుతుందో మన పెద్దలకు తెలుసు. ఆ గింజలు ఏరి తెచ్చి గ్రామ పంచాయతీ నర్సరీలో పెంచమని అడుగుదాం. వచ్చే వానాకాలంలో టేకు, వేప మొక్కలతో పాటు పొనికి మొక్కలు కూడా ఇవ్వమందాం.

కాబట్టి ఈ సభ ముందు రెండు పనులు పెడుతున్నాను. ఒప్పుకున్న ప్రతి తండా, గూడెం నుంచి ఒక అంగన్‌వాడీకి ఒక సెట్టు బొమ్మలకు ఆర్డరు. అదే ఊరి నర్సరీలో పొనికి గింజల సంచులు. సభ ముగిశాక టీచర్లు తమ ఊరి పేరు, పిల్లల సంఖ్య రాసి ఇచ్చి వెళ్లండి.