మన తరఫున మాట్లాడేదెవరు?

(ఐరాల మహిళల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



స్పృహ తప్పిన ముసలామెను తిరుపతికో వేలూరికో తీసుకుపోతాం. "నిర్ణయం ఎవరిది?" అంటాడు డాక్టరు. కొడుకు ముందుకొస్తాడు. ఏళ్లుగా చాకిరీ చేసిన కూతురు గోడ పక్కనే నిలబడి ఉంటుంది. ఆమెకేం కావాలో మాత్రం ఎవరూ ఏనాడూ అడిగి ఉండరు.

2004లో హైదరాబాదులో వెంకటేశ్ అనే చదరంగం ఆటగాడు, కండరాలు క్షీణించే జబ్బుతో మంచంపట్టి, ప్రాణం పోకముందే తన అవయవాలు దానం చేయమన్నాడు. తల్లి సుజాత హైకోర్టుకెళ్లింది. చట్టం ఒప్పుకోదన్నారు. ఆ డిసెంబరులోనే అతను చనిపోయాడు.

అతనడిగింది వేరు. కోలుకునే ఆశ లేనప్పుడు ప్రాణాన్ని సాగదీసే చికిత్స వద్దని ముందే రాసిపెట్టుకునే హక్కును 2018 మార్చి 9న సుప్రీంకోర్టు గుర్తించింది. అప్పట్లో మెజిస్ట్రేటు సంతకం కావాలన్నారు, ఎవరివల్లవుతుంది? 2023లో సడలించారు. ఇద్దరు సాక్షులు, నోటరీ లేదా గెజిటెడ్ అధికారి చాలు. మన తరఫున మాట్లాడేవారి పేరు అందులో రాయాలి. కూతురి పేరు రాయండి! మనసు మారితే రాతపూర్వకంగా రద్దు చేసుకోవచ్చు. మనకు తెలివి ఉన్నంతకాలం మన నోటిమాటే చెల్లుతుంది.

నాకూ ఒక భయముంది. "ముసలిదానికి ఇంకా ఖర్చెందుకు?" అనే ఇళ్లు మనకు తెలియనివి కావు. సంతకానికి తొందరపెట్టేవాళ్లను అనుమానించండి. కాగితమున్నా, రెండు వైద్య బోర్డులు ఒప్పుకోనిదే చికిత్స ఆపకూడదు. వైద్యం కావాలని అడగడమూ మన హక్కే.

నకలు పంచాయతీకివ్వాలి. దాన్ని భద్రపరిచే అధికారిని నియమించాలని తీర్పులోనే ఉంది. మన పంచాయతీలో ఆ అధికారి ఎవరో రేపే వెళ్లి అడుగుదాం.