కళాభవనం నుంచి షాదీఖానాకు
(సాహితీ సమితి వార్షిక సభలో కార్యవర్గం పక్షాన చేసిన ప్రసంగ పాఠం)



ఏటా పట్టణం నడిబొడ్డున, ప్రజల పన్నులతో కట్టిన కళాభవనంలో జరిగే మన సభ ఈసారి షాదీఖానాలో జరుగుతున్నది. వెనుక దేగ్‌లు కడిగే చప్పుడు వినబడుతున్నది, మన్నించాలి. ఇక్కడికి ఎందుకు రావలసి వచ్చిందో చెప్పడం మా బాధ్యత.

భవనం అడిగినప్పుడు కొత్త నిబంధనల పత్రం చేతికిచ్చారు. ధరావతు పెంచారు. కుర్చీలకు మించి జనాన్ని రానివ్వరాదన్నారు. మాకు అభ్యంతరం లేదు. నడవలో కుర్చీలు వేసి దారి మూసింది మనమే. రాత్రి పదికి ముగించాలన్నారు. 2000 నాటి శబ్దకాలుష్య నియమాలు రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు లౌడ్‌స్పీకర్లను నిషేధించినా, ఆడిటోరియం వంటి మూసిన ప్రాంగణాలలో లోపలివారికి వినిపించే మేరకు మినహాయింపు ఇచ్చాయి. అయినా వాదించలేదు. దూరపు ఊళ్ల స్త్రీలు ఆఖరి బస్సు అందుకోవాలి కదా.

మా సంతకం ఆగింది చివరి షరతు దగ్గర. కవుల ఆధార్ ప్రతులు, చదవబోయే ప్రతి కవిత పూర్తి పాఠం పదిహేను రోజుల ముందు సమర్పించాలి, అభ్యంతరకరమన్నది తొలగించాలి. ఏది అభ్యంతరకరమో, నిర్ణయించేది ఎవరో, కారణం రాసి ఇస్తారో లేదో ఆ పత్రంలో లేదు. అందరికీ ఇదే నియమమన్నారు. ఆ నెలలోనే అక్కడ సభలు జరుపుకున్న రెండు సంస్థలను విచారించాం. వారిని ఎవరూ పాఠం అడగలేదు.

రాజ్యాంగం 19వ అధికరణం వాక్ స్వాతంత్ర్యాన్ని, నిరాయుధంగా శాంతియుతంగా సమావేశమయ్యే హక్కును ఇచ్చింది. పరిమితులు ఉండవచ్చు, అవి చట్టబద్ధంగా, సహేతుకంగా ఉండాలి. వీధుల్లో సభలకు అనుమతిని ఏ మార్గదర్శకమూ లేకుండా అధికారి ఇష్టానికి వదిలిన అహ్మదాబాద్ పోలీసు నియమాన్ని సుప్రీంకోర్టు 1972లో హిమ్మత్‌లాల్ షా కేసులో కొట్టివేసింది. అద్దె భవనం వీధి కాదు, ఆ తీర్పు మనకు అక్షరాలా వర్తిస్తుందని అనము. కానీ అందులోని ప్రశ్న మనదే. నాటకాలను అదుపు చేసేందుకు తెల్లవారు తెచ్చిన 1876 నాటి చట్టాన్ని పార్లమెంటు రద్దు చేసింది. అది ఇప్పుడు అద్దె రసీదు వెనుక నుంచి తిరిగి వస్తున్నది.

ఖాదర్ మొహియుద్దీన్ ‘పుట్టుమచ్చ’ 1991లో, ‘జల్‌జలా’ సంకలనం 1998లో వెలువడ్డాయి. ఆ కవితలు ముందుగా ఒక గుమాస్తా బల్ల మీదకు వెళ్లి ఉంటే ఎన్ని తిరిగి వచ్చేవో ఆలోచించండి.

ఒక తప్పు కూడా ఒప్పుకోవాలి. నిరుడు ఒక్క ఫోను రాగానే ఒక కవితను కార్యక్రమం నుంచి మేమే తొలగించాం. రాసిన అమ్మాయితో సమయం చాలలేదని అబద్ధమాడాం. ఆమె నమ్మలేదు. ఉత్తరం వచ్చి ఉంటే జవాబు రాసేవాళ్లం. ఫోనుకు ఆనవాలు కూడా లేదు. అప్పటి మా లొంగుబాటే ఈ షరతుకు ధైర్యమిచ్చిందని అనుకుంటున్నాం. ఆమెకు ఈ సభలో క్షమాపణ చెబుతున్నాం.

ఇక్కడే బాగుంది, మన చోటు మనకుంది అని కొందరు మిత్రులు అంటున్నారు. షాదీఖానా మనదే, సందేహం లేదు. కానీ కళాభవనానికి మన కవిత వినడానికి వచ్చే ఇరుగుపొరుగువారు, కళాశాల విద్యార్థులు ఈరోజు ఎంతమంది వచ్చారు? వెనుక వరుసలు చూడండి. మన బాధ మనకే చెప్పుకోవడానికి సభ ఎందుకు, దస్తర్‌ఖాన్ చాలదా?

ఆ షరతును ఆమోదించిన తీర్మానం ప్రతినీ, ఎవరెవరి నుంచి పాఠాలు తీసుకున్నారో ఆ జాబితానూ కోరుతూ సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టాం. జవాబుకు గడువు 30 రోజులు. వచ్చే ఏటి సభకు కళాభవనాన్నే కోరుతూ రాసిన వినతిపత్రం ద్వారం దగ్గర ఉంది. చదివి, సమ్మతమైతేనే సంతకం చేయండి. ఇకపై ఫోనులో వచ్చే ఏ ఆదేశాన్నీ రాతపూర్వకంగా అడగకుండా పాటించబోమని కార్యవర్గం తీర్మానించింది.

ఎనిమిదికి వలీమా వారికి హాలు అప్పగించాలి. కనుక ఒక్కొక్కరికి ఏడు నిమిషాలే. నిరుడు ఆగిన కవితతో మొదలుపెడదాం.