రాగి రేకుల మీద వెనిస్



1879 సెప్టెంబరులో చిత్రకారుడు జేమ్స్ మెక్‌నీల్ విస్లర్ వెనిస్ చేరేనాటికి వయసు 45, చేతిలో చిల్లిగవ్వ లేదు. తన బొమ్మను ఈసడించిన కళా విమర్శకుడు రస్కిన్ మీద పరువునష్టం దావా గెలిచాడు గానీ, దక్కిన పరిహారం ఒక్క ఫార్దింగ్. పెన్నీలో నాలుగో వంతు! కోర్టు ఖర్చులకు పాత అప్పులు తోడై దివాలా తీశాడు. అప్పుడు లండన్‌లోని ఫైన్ ఆర్ట్ సొసైటీ ఆయనకు పని అప్పగించింది: మూడు నెలల్లో 12 ఎచింగులు, అంటే రాగి రేకు మీద గీసి ముద్రించే బొమ్మలు.

ఆయన అక్కడ 14 నెలలు ఉండిపోయాడు.

పనిదొంగతనం మాత్రం కాదు. తిరిగొచ్చేసరికి దాదాపు 50 ఎచింగులు, వందకు దగ్గరగా పాస్టెల్ బొమ్మలు ఉన్నాయి. యాత్రికులు ముచ్చటపడి కొనుక్కునే వెనిస్ వాటిలో తక్కువే. ‘ది డోర్‌వే’ చూడండి. ఒకప్పటి మహాసౌధం గుమ్మం. చెక్కడపు పని చెక్కుచెదరలేదు గానీ, లోపల కుర్చీలు బాగుచేసే కొట్టు వెలిసింది. పైనుంచి కుర్చీలు వేలాడుతున్నాయి. నీటి అంచున మెట్టు మీద ఒక అమ్మాయి.

పూత పూసిన రాగి రేకులు వెంట తీసుకెళ్లి, కాలువ ఒడ్డునే సూదితో గీసేవాడు. అచ్చులో కుడి ఎడమవుతుంది కదా, ఊరు తారుమారైంది. ఆయన లెక్కచేయలేదు. ముద్రించేటప్పుడు సిరాను పూర్తిగా తుడవకుండా పలచగా వదిలేసేవాడు. ‘నాక్టర్న్’లో చీకటి చాలావరకు ఆ సిరాదే. అందుకే ఒకే రేకు నుంచి తీసిన ప్రతులు ఒకదానిలా ఒకటి ఉండవు.

‘ది ట్రఘెటో’ రేకును దిద్ది దిద్ది పాడుచేశాడు. అక్కడే ఉన్న యువ చిత్రకారుడు ఓటో బాకర్ సాయంతో, పాత ముద్రను తెల్లరంగుతో కొత్త రేకు మీదికి దించి, బొమ్మంతా మళ్లీ గీశాడు. విస్లర్ గొడవల కథలు చెప్పుకునేవాళ్లు ఈ ఓపికను ఎందుకో మరిచిపోతారు.

1880 డిసెంబరులో 12 ఎచింగులు ప్రదర్శిస్తే, అసంపూర్తి గీతలన్నారు విమర్శకులు. 1883లో ఆయన 51 ఎచింగులతో మళ్లీ వచ్చాడు. గోడల నుంచి నౌకరు దుస్తుల దాకా అంతా తెలుపూ పసుపే. కేటలాగులో మాత్రం ఒక్కో బొమ్మ పేరు కింద విమర్శకుల తిట్లు ఏరి అచ్చువేయించాడు.