సెలవులలో విమానచరిత్ర పఠనము

వేసవి సెలవులలో పల్నాటి విద్యార్థి విమానచరిత్ర చదువగోరినచో ఏ గ్రంథమును ఎన్నుకొనవలెను? 1899 మే 30న విల్బర్ రైట్ ఇట్టి ప్రశ్నతోనే అమెరికాలోని స్మిత్సోనియన్ సంస్థకు లేఖ వ్రాసెను. వారు సూచించిన వానిలో చనూట్, లాంగ్లీల గ్రంథములుండెను. రైట్ సోదరులు వానిని చదివియు, పెద్దల అంకెలను ఊరక నమ్మక, 1901లో గాలిసొరంగము కట్టి పరీక్షించిరి. 1903 డిసెంబరు 17న ఎగిరిరి.

పుష్పకము మనోహరమే, కాని అది కావ్యము. ప్రాచీనమని ప్రచారమందిన వైమానిక శాస్త్రము 1904కు పూర్వపుది కాదనియు, అందలి విమానములు ఎగురజాలవనియు 1974లో బెంగుళూరు శాస్త్రజ్ఞులు తేల్చిరి. తేదీలు, కొలతలు, విఫలయత్నములు దాచని పుస్తకమునే కోరవలెను. 1927లో ఒంటరిగా అట్లాంటికు దాటిన లిండ్‌బర్గు, దారిపొడవున నిద్రతో పెనుగులాడిన తీరును 1953 నాటి తన గ్రంథమున విప్పిచెప్పెను. మధ్యాహ్నపు కునుకు విడువనివారికి మొదట ఈయదగినది అదియే.