కొలిమిలో పుట్టిన ఆకులు



అగ్నిప్రమాద మెట్టిదో పల్లెవాసులకు వేరుగ చెప్పనక్కరలేదు. తాటాకు ఇండ్ల కాలమున, వేసవిగాలిలో ఒక కొంప అంటుకొన్నచో వాడ యంతయు బూడిద యగుచుండెను. మరునాడు పొరుగూళ్ళనుండి బండ్లపై వాసములు, తాటాకు, బియ్యము వచ్చుచుండెను. ఆస్ట్రేలియాలో కాలిపోయిన పల్లెలకు గూడ ఆకులే వచ్చినవి. కాని యవి కమ్మరులు సాగగొట్టిన లోహపుటాకులు.

అది 2009 ఫిబ్రవరి 7, శనివారము. ఆ దేశమున ఫిబ్రవరి వేసవి మాసము. విక్టోరియా రాష్ట్రపు ముఖ్యపట్టణమగు మెల్‌బోర్న్‌లో నాడు ఎండ 46.4 డిగ్రీల సెంటిగ్రేడునకు చేరెను. ఉత్తరపు వడగాలి ఉద్ధృతముగ వీచుచుండగా కొన్నిచోట్ల విద్యుత్తు తీగల లోపములచేతను, తక్కినచోట్ల వేరు కారణములచేతను అడవులు అంటుకొన్నవి. అచటి యూకలిప్టస్ చెట్లలో నూనె మెండు. వాని బెరడు తునుకలు మండుచునే గాలి కెగిరి, మంటకంటె ముందుగ దూరప్రదేశముల రగిలించును. సాయంకాలమునకు గాలి నైరృతికి తిరుగగా, అంతవరకు మంటకు ప్రక్కగా నున్నదంతయు దానికి ముఖమైనది. 173 మంది మరణించిరి. 2,000కు పైగా ఇండ్లు దగ్ధమైనవి. సుమారు 200 మంది నివసించు స్ట్రాథ్యూవెన్ అను గ్రామమున 27 మంది పోయిరి. బడియు, ఊరి సమావేశ మందిరమును మిగులలేదు.

అప్పుడు విక్టోరియాలోని కమ్మరుల సంఘమువారు దేశదేశముల కమ్మరులకు కబురంపిరి: తమ తమ కొలిముల యందు ఒక్కొక్క యూకలిప్టస్ ఆకును చేసి పంపవలెనని. సుమారు 3,500 ఆకులు సమకూడెను. కొన్నింటిపై మృతుల పేర్లు, కొన్నింటిపై ఊళ్ళ పేర్లు, కొన్నింటిపై ఓదార్పు మాటలు చెక్కబడినవి.

తలదాచుకొన నీడలేనివారికి లోహపుటాకు లెందుల కని యెవరైన నడిగినచో, అది న్యాయమైన ప్రశ్నయే. ఇండ్లకు, తిండికి విరాళములు వేరుగ వచ్చినవి. అవి రానిచో ఈ ఆకులు ఎగతాళి యయ్యెడివే. అయినను దినదినము చేయి చాచి పుచ్చుకొనుట మానవంతునకు భారము. ఈ పనిలో నష్టపడినవారికిని సుత్తి చేతికందినది. నోట మాట పెగలనివాడు గూడ దాగలిమీద దెబ్బ వేయగలడు గదా! ఊరిని కాల్చిన నిప్పే ఇచట తిత్తిగాలికి లొంగి, పటకారున పట్టిన రేకును మెత్తబరచి, ఆకుగా మలచుటకు తోడ్పడినది. ఆ నిప్పు నెదుట నిలుచుట అందరకు సులభమై యుండదు.

ఆకులు చేరుట యొక యెత్తు. వానిని మోయగల మ్రాను నిలుపుట మరియొక యెత్తు. దానికి ఏండ్లు పట్టెను. 9.8 మీటర్ల పొడవును, సుమారు 3 టన్నుల బరువును గల ఆ ఉక్కుచెట్టు నేడు విక్టోరియాలో నున్నది. దూరమునుండి చూచువారికి ఏ ఆకు ఏ దేశపు కమ్మరి చేసినదో, ఏది ఆప్తుని కోల్పోయినవారు కొట్టినదో తెలియదు. అన్నియు ఆ కొమ్మలకే అతుకబడి యున్నవి.