లెక్క మూడా, ఆరా?
(సాంస్కృతికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఉత్సవ సభలో కంప్యూటరు మాటలేమిటని కొందరనుకోవచ్చును. కాని మన పిల్లలు పలువురు పైథాన్ అను కంప్యూటరు భాష నేర్చుచున్నారు. ఏ భాషకైనను రెండు విధముల పుస్తకములు కావలెను. పెద్ద బాలశిక్ష వలె మొదటినుండి చదువునది ఒకటి. నిఘంటువు వలె అవసరమైనప్పుడు తెరచి, ఒక్క మాట చూచి మూసివేయునది రెండవది. ఈ రెండవదానిని రిఫరెన్సు అందురు. నా మనవి దానిని గురించియే.

పైథాన్‌లో 'లెన్' అను ఆజ్ఞ కలదు. మాట వంటిది ఇచ్చినచో దాని పొడవు చెప్పును. మా తరగతిలో ఒక అమ్మాయి 'తెలుగు' అను మాట ఇచ్చినది. ఆరు అని వచ్చినది. "మాస్టారూ, మీరు మూడక్షరాలన్నారు గదా, ఎవరిది తప్పు?" అని అడిగినది.

ఎవరిదీ తప్పు కాదు. యూనికోడ్ పద్ధతిలో త, ల, గ మూడు సంకేతములు. ఒక ఎత్వము, రెండు కొమ్ములు మరి మూడు. 'స్త్రీ' మనకు ఒక్క అక్షరమే, లెన్‌కు అదియును ఆరే.

మరి రిఫరెన్సు ఏమి చెప్పుచున్నది? లెన్ "అంశముల సంఖ్య" నిచ్చునని. మాటలో అంశమనగా యూనికోడ్ సంకేతమని వేరొక చోట వ్రాసియున్నది. ఒక్క మాట కొరకు వచ్చినవాడు ఆ చోటికి పోవునా? ఇంగ్లీషు మాటలకు అక్షరము, సంకేతము సాధారణముగా ఒకటే గనుక వ్రాసినవారికి ఆ వెలితి కనబడి ఉండదు. మనకు కనబడును. పేరు ఐదు సంకేతములకు మించరాదని ఒక ఫారము తయారుచేసినచో 'లక్ష్మి' ఏడు సంకేతములు గనుక 'లక్ష్' వద్ద తెగిపోవును. తోటల రిజిస్టర్లలో మన తాతల పేర్లు వంకరపోయినది చాలదా! పైగా పిల్లవాడు మన లిపిలోనే ఏదో లోపమున్నదనుకొనును. నాకు బాధ కలిగించునది అదియే.

ఇదే రిఫరెన్సులో బాగుచేసిన చోటును ఉన్నది. 'ఎల్‌స్ట్రిప్' అను ఆజ్ఞ మాట మొదటి భాగమును తీసివేయునని చాలామంది భ్రమపడిరి. అది నిజమునకు మీరిచ్చిన గుర్తులలో ఏది కనబడినను, ఏ వరుసలోనున్నను, తీసివేయుచు పోవును. 'శ్రీమతి రమ' నుండి 'శ్రీమతి'ని, దాని తరువాతి ఖాళీని తీయబోయినచో ర, మ కూడ 'శ్రీమతి'లో ఉన్నవి గనుక రమమ్మ పూర్తిగా మాయమగును! ఇది పూర్వభాగము కాదని హెచ్చరిక ఉన్నను పొరపాట్లు ఆగలేదు. 2020లో వచ్చిన 3.9 సంచికలో మొదటి భాగమును మాత్రమే తీయు వేరే ఆజ్ఞ చేర్చిరి. రిఫరెన్సులో రెండింటి ఫలితములను ప్రక్కప్రక్కన చూపిరి. ఆ ఉదాహరణ పని చేసినంతగా హెచ్చరిక వాక్యము పని చేయదని బడిపంతులుగా నా అభిప్రాయము.

సంవత్సరము చెప్పుటయు అంతే ముఖ్యము. కంటికి కనబడు అక్షరములను విడదీయుటకు యూనికోడ్‌వారి సూత్రములు కలవు. 2023 నాటి 15.1 సంచికకు ముందు వాటి ప్రకారము 'స్త్రీ' మూడు ముక్కలు. ఆ సంచికలో తెలుగు మొదలగు కొన్ని లిపుల ఒత్తులను కలిపి ఉంచు సూత్రము చేర్చుటతో ఒక్కటైనది. ఏ సంచిక ప్రకారమో చెప్పని లెక్క చదువరికి ఉపయోగపడదు.

పైథాన్ రిఫరెన్సుకు ఎవరైనను సవరణ ప్రతిపాదించవచ్చును. లెన్ క్రింద చేర్చదగినది ఇంతే: "వచనమునకైతే ఇది యూనికోడ్ సంకేతముల సంఖ్య, కంటికి కనబడు అక్షరముల సంఖ్య కాదు. ఉదాహరణ: 'తెలుగు' – 6." దీనిని ఇంగ్లీషులో చక్కగా వ్రాసి పంపుటకు వచ్చే శనివారము సాయంకాలము తరగతి ముగిసిన తరువాత కూర్చుందము. ప్రశ్న వేసిన అమ్మాయియే మొదటి చిత్తు వ్రాయుటకు ఒప్పుకొన్నది.