కీళ్లవాతము గల బిడ్డకు ఆటలెందుకు?

కీళ్లవాతము ముసలితనపు జబ్బని మనలో బలమైన నమ్మకము కలదు. ఆ నమ్మకము వలన నష్టపడువారు పసివారు. హయాత్ బక్షీ బేగము పేరున వెలసిన హయత్‌నగర్ నేడు విజయవాడ రహదారిపై భాగ్యనగరముతో కలిసిపోయినది. అటువంటి బస్తీలో ఒక బిడ్డ తెల్లవారగనే కుంటుచు, గోడ పట్టుకొని నడచుననుకొందము. పది గంటలకు అదే బిడ్డ మామూలుగా తిరుగును. ఇంటివారేమందురు? బడి ఎగగొట్టుటకు వేసిన వేషమందురు. ఆ మాట నొప్పికంటె ఎక్కువ బాధించును.

పదునారేండ్లు నిండకముందే మొదలై, ఆరు వారములైనను తగ్గక, వేరొక కారణము కనబడని కీళ్లవాపును వైద్యులు బాల్యపు కీళ్లవాతమందురు. లండనులో జార్జి ఫ్రెడరిక్ స్టిల్ అను వైద్యుడు 1897లోనే పిల్లలలోని ఈ వ్యాధిని వివరించెను. ఉదయము కీళ్లు బిగిసికొని, కదలినకొలది సడలుట దీని ముఖ్యలక్షణము. అది సోమరితనము కాదు.

ఇక శక్తి లెక్క చూతము. బిడ్డ ఊరక పరుండినను గుండె, మెదడు, కండరములు ఇంధనమును వాడుచునే యుండును. వాపు రగులుచున్నపుడు రక్తములో చేరు కొన్ని పదార్థములు ఆకలిని చంపి, కండను కరగించును. నొప్పికి జడిసి కదలకున్నచో కండ మరింత తరుగును. కొవ్వును, చక్కెరను ప్రాణవాయువుతో మండించు సూక్ష్మమైన పొయ్యిలు ఆ కండలోనే యున్నవి. కండ తగ్గిన పొయ్యిలును తగ్గును. నాలుగడుగులకే ఆయాసము వచ్చును; ఆయాసమునకు వెరచి బిడ్డ మరల మంచమెక్కును. స్టెరాయిడు మందులు చాలకాలము వాడినచో ఆకలి హెచ్చి కొవ్వు చేరును గాని కండ పెరుగదు. కావున బిడ్డ బొద్దుగా నున్నాడని మురియరాదు.

ఒకప్పుడు ఈ పిల్లలకు పడకయే పథ్యమనుకొనిరి. ఇప్పుడా అభిప్రాయము మారినది. తగుమాత్రపు వ్యాయామము జబ్బును పెంచదని, బలమును, ఓపికను కాపాడునని వైద్యులు చెప్పుచున్నారు. నడక, సైకిలు, ఈత మంచివి. నీటిలో కీలుపై బరువు తగ్గును. మొదట పది నిమిషములు చాలును. వారము వారము కొంచెము పెంచవలెను. మరునాడు నొప్పిగాని వాపుగాని హెచ్చినచో తగ్గింపవలెను. కీలు వేడెక్కి ఉబ్బియున్న దినములలో దానిపై బరువు మోపక, మెల్లగా ముడిచి చాచుట మేలు. ఐదు నుండి పదునేడేండ్ల పిల్లలకు దినమునకు సగటున 60 నిమిషముల చురుకైన కదలిక కావలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో సూచించినది. ఈ బిడ్డకు అది గమ్యమే గాని తొలినాటి పాఠము కాదు.

ఉపాధ్యాయులకొక మనవి. ఆలస్యముగా వచ్చిన ఇట్టి బిడ్డచే గుంజీలు తీయింపకుడు. గంటల తరబడి నేలపై బాసిపెట్టు వేయింపక, నడుమనడుమ లేచి తిరుగనిండు.

వ్యాయామము మందునకు బదులు కాదు. వాపును అణచు మందులను వైద్యుని సలహా లేక మానరాదు. నగరములో నీలోఫర్ పిల్లల ఆసుపత్రియు, పంజాగుట్ట నిమ్స్‌లో కీళ్లవాత విభాగమును కలవు. మరియొక జాగ్రత్త: ఈ వ్యాధి కొందరి కంటిలోపల ఎరుపుగాని నొప్పిగాని లేకయే వాపు కలిగించి చూపును హరించును. కన్ను బాగుగనే కనబడుచున్నదని ఊరకుండక, వైద్యుడు చెప్పిన గడువులలో పరీక్ష చేయించుడు. కాలికై ఆసుపత్రికి పోయిన నాడే కంటి మాటయు అడుగుడు.